టెన్నిస్ డబుల్స్ జోడీ మార్చాలని స్నేహితుడికి ఎలా చెప్పాలి?

మాది అనంతపురం. మావాడికి 14 ఏళ్లు. రెండేళ్లుగా ఒకే పిల్లవాడితో డబుల్స్ ఆడుతున్నాడు. ఆ అబ్బాయి నెట్ దగ్గర వాలీ (బంతి నేల తాకకముందే కొట్టే షాట్) కొడితే చూడముచ్చటగా ఉంటుంది. సమస్యల్లా కోపమే. పాయింట్ పోతే రాకెట్ నేలకేసి కొడతాడు, మావాడి మీద అరుస్తాడు. పోయిన నెల ఒక టోర్నమెంట్‌లో మొదట వార్నింగ్ ఇచ్చారు, రెండోసారి పాయింట్ కోశారు. డబుల్స్‌లో తప్పు ఒకరిదైనా శిక్ష ఇద్దరికీ కదా! గేముల్లో 4-5, ఆ గేములో 30-40తో వెనకబడి ఉన్నప్పుడు ఆ ఒక్క పాయింట్‌తో సెట్ పోయింది. ఆ రాత్రి మావాడు అన్నం ముట్టలేదు.

చిక్కేంటంటే, వాళ్ల నాన్న నాకు పదేళ్ల స్నేహితుడు. తెల్లారి ఐదున్నరకు ఇద్దర్నీ కోర్టుకు తీసుకెళ్లేది ఆయన బండి మీదే. (మా ఊరి ఎండకు ఎనిమిది దాటితే ఆట సాగదు.)

మన దేశపు డబుల్స్ జోడీ లియాండర్ పేస్, మహేశ్ భూపతినే చూడండి. 1999లో నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్‌కూ వెళ్లి ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ గెలిచారు. తర్వాత చెడింది. 2011లో మళ్లీ కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడారు. ఏడాది తిరిగేసరికి లండన్ ఒలింపిక్స్‌లో పేస్‌తో ఆడనని భూపతి, మరో భారత ఆటగాడు రోహన్ బోపన్న ఇద్దరూ అన్నారు. చివరికి పేస్‌కు విష్ణువర్ధన్ అనే ఆటగాడు జతయ్యాడు. అంతటివాళ్లకే కుదరలేదు, వీళ్లు పిల్లలు.

మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైందా? కోచ్ సార్‌తో చెప్పించాలా, నేనే ఆయనతో మాట్లాడాలా? మావాడేమో "వాడు లేకుంటే నేను డబుల్సే ఆడను నాన్నా" అంటున్నాడు. అదే నాకు అంతుపట్టడం లేదు.