తృష్ణ అంటే కోరికా, దూపా?

మొన్న బడి పిల్లలతో ఫణిగిరి గుట్ట ఎక్కాం. స్తూపం దగ్గర అలవాటుగా “కోరికలే దుఃఖానికి మూలం అన్నాడు బుద్ధుడు” అని చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు “సార్, పది పాస్ గావాలె అనుకునుడు గూడ తప్పేనా?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

ఇంటికొచ్చి చూస్తే చిక్కంతా అనువాదంలోనే ఉంది. సారనాథ్‌లో మొదటి ఉపదేశంలో ఆయన వాడిన మాట తణ్హా, అంటే సంస్కృతంలో తృష్ణ. అసలు అర్థం దప్పిక. మన నల్లగొండలో దూప. ఏదైనా చేయాలనే కోరికకు పాళీలో ఛంద అనే వేరే మాట ఉంది. అది మంచికీ ఉండొచ్చు, చెడుకీ ఉండొచ్చు. పిల్లవాడి పది పాస్ ఆ ఖాతాలోది.

తణ్హా మూడు రకాలు. కామతణ్హా ఇంద్రియ సుఖాల దూప. భవతణ్హా ఇంకా ఉండాలి, ఇంకేదో అయిపోవాలి అనే దూప. విభవతణ్హా దగ్గరే మనం బోల్తా పడతాం. తెలుగులో విభవం అంటే సంపద కదా! అక్కడ మాత్రం లేకుండా పోవడం. “ఈ పీడ విరగడైతే బాగుండు” అన్నదీ దూపేనన్నమాట. మీరేమంటారు?

వ్యాఖ్య: అన్నా, దూప నీళ్లు తాగితే తీరుతది. తృష్ణ తీరదంటరు గదా?

వ్యాఖ్య: మాది మర్రిగూడ దిక్కు. మా బోరు నీళ్లతో కూడా దూప తీరేది. ఫ్లోరైడ్ మాత్రం పళ్లలో, ఎముకల్లో చేరేది. మళ్లీ దూపైతే మళ్లీ అవే నీళ్లు. నాకైతే ఈ పోలిక సరిగ్గానే కుదిరినట్టుంది.

వ్యాఖ్య: సార్, నేను పాలమూరులో సైకాలజీ చదువుతున్నా. మిచిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెర్రిడ్జ్ బృందం ఎలుకల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని దాదాపు లేకుండా చేసింది. అవి తమంతట తాము తిండి ముట్టలేదు. కానీ నోట్లో తీపి వేస్తే మామూలుగానే మూతి నాకాయి. అంటే రుచి తెలుస్తోంది, గుంజుడు లేదు. వ్యసనంలో దీనికి ఉల్టా: గుంజుడు పెరుగుతుంది, ఇష్టం పెరగదు. రాత్రి ఒంటిగంటకు రీల్స్ చూసేటప్పుడు నా సంగతి అదే. మజా ఏం ఉండదు, వేలు మాత్రం ఆగదు.

పోస్ట్ రాసినతను: గుంజుడు! మంచి మాట చెప్పావు చెల్లె. దుఃఖం ఎలా పుడుతుందో చెప్పే పన్నెండు నిదానాల (అంటే ఒకదాని నుంచి ఒకటి పుట్టే కారణాల) వరసలో తణ్హాకు ముందు వేదన వస్తుంది. ఇది కూడా తెలుగు వేదన కాదు. సుఖం, దుఃఖం, రెండూ కానిది, ఏ అనుభూతైనా వేదనే. నోట్లో తీపి పడితే తియ్యగా ఉండడం వేదన, దాన్ని ఆపలేం. ఆ వెంటనే ఇంకోటి కావాలని గుంజేది తణ్హా. ఎరుకతో ఉంటే ఆ రెండింటి మధ్య కొంచెం సందు దొరుకుతుందంటారు.

వ్యాఖ్య: ఇంత దూరమెందుకు సార్? మా అమ్మమ్మ “పైసల యావ”, “తిండి యావ” అంటుండె. యావ అంటే సరిపోదా?

పోస్ట్ రాసినతను: కామతణ్హాకు బ్రహ్మాండంగా సరిపోతుందక్కా. విభవతణ్హా దగ్గరే ఇబ్బంది. లేకుండా పోవాలనే యావ అని మీ అమ్మమ్మ ఎప్పుడన్నా అన్నదా?