పిల్లల గదికి మబ్బుల వాల్‌పేపర్: గోడకా, సీలింగ్‌కా?

కృష్ణలంక_కుర్రాడు:
విజయవాడ, ఐదో అంతస్తు, పైన టెర్రసే. పిల్లల గది 12 × 10, ఎత్తు 9.5 అడుగులు, ఏసీ ఉంది. లేత నీలం మీద తెల్లమబ్బుల డిజైన్ అనుకుంటున్నాం. సీలింగ్‌కి వేయించాలా, 12 అడుగుల గోడకా? గోడ 114 చదరపు అడుగులు, రోల్ 57, కాబట్టి గోడకైతే రెండు రోల్స్ చాలని షాపులో అన్నారు.

రోలర్_రాజు:
సీలింగ్ జోలికి పోకండి. టెర్రస్ కింది స్లాబ్‌లో చెమ్మ కంటికి కనపడకుండానే దిగుతుంది. పెయింట్ అయితే పొంగి, పెచ్చు లేచి ముందే చెప్పేస్తుంది. వినైల్ పేపర్, అంటే ప్లాస్టిక్ పూత ఉన్నది, గాలి ఆడనివ్వదు. వెనకాల నల్లబూజు కట్టి వాసన వచ్చేదాకా తెలీదు. ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఒక వానాకాలం గడిచాక అప్పుడు చూద్దాం.

మబ్బుల_మేస్త్రి:
ఆకాశం నెత్తిమీద కాక ఇంకెక్కడుంటుందండీ! సీలింగ్‌కే వేయించండి. కాకపోతే తలెత్తి నేరుగా పైకి చూసి తీసిన బొమ్మ కావాలి. కింద తెల్లబారి పైకి ముదిరే నీలం గోడకి బాగుంటుంది, సీలింగ్‌కి ఎక్కిస్తే గది ఒక పక్కకి ఒరిగినట్టుంటుంది. రోల్ వద్దు, దాని వెడల్పు 21 అంగుళాలే, అంతకోసారి అదే మబ్బు వరస కడుతుంది. గది కొలతకి ఒకే బొమ్మగా ప్రింట్ చేయించండి. అసలు సైజులో కనీసం 100 డీపీఐ (అంగుళానికి వంద చుక్కలు), అంటే 14,400 × 12,000 పిక్సెల్స్. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఇస్తే మబ్బులు గడులు గడులుగా వస్తాయి. లైటు 4000 కె (కెల్విన్, వెలుతురు రంగు కొలత) పెట్టండి. 3000 కె పసుపు వెలుతురులో లేత నీలం మాసిపోయినట్టుంటుంది.

రోలర్_రాజు:
నేను చెమ్మ అంటే మీరు పిక్సెల్స్ అంటారేంటండీ.

మబ్బుల_మేస్త్రి:
చెమ్మ దిగే స్లాబ్‌కి మీ పెయింటు మాత్రం నిలుస్తుందా? నాన్-వోవెన్ (నేయకుండా నార అదిమి చేసిన) పేపర్ తీసుకుంటే గాలి ఆడుతుంది.

రోలర్_రాజు:
నాన్-వోవెన్ అనేది వెనక పొర. ముందు వినైల్ పూత ఉంటే ఇక గాలి ఎక్కడిది?

వేసవి_సెలవులు:
ఫాలోయింగ్. మాదీ పై అంతస్తే.

లెక్కల_పంతులు:
అందరూ సీలింగ్ పట్టుకుని వేలాడుతున్నారు, షాపువాడి లెక్క తప్పని ఒక్కరూ అనరు. వాల్‌పేపర్‌ని చదరపు అడుగుల్లో కాదు, పట్టీల్లో లెక్కేయాలి. గోడ 144 అంగుళాలు, పట్టీ 21, కాబట్టి 7 పట్టీలు. ఎత్తు 114 అంగుళాలు, పైనా కిందా కోతకి 4 కలిపి 118. డిజైన్ 64 సెం.మీ.కోసారి, అంటే 25.2 అంగుళాలకోసారి తిరిగొచ్చేదైతే మబ్బు అంచు కలవడానికి ఒక్కో పట్టీకి ఐదు డిజైన్ల పొడవు, 126 అంగుళాలు తెగుతుంది. 33 అడుగుల రోల్‌లో అలాంటివి మూడే. రెండు రోల్స్‌కి ఆరు, ఏడోది ఎక్కణ్ణుంచి తెస్తారు? మూడు కొనండి, మూడూ ఒకే బ్యాచ్ నంబరు. తర్వాత విడిగా తెచ్చిన రోల్‌లో నీలం కాస్త తేడా వచ్చినా జాయింట్ దగ్గర కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

రోలర్_రాజు:
ఏడో పట్టీ సంగతి సరే, ఏ గోడకో అడిగారా? ఏసీ గదిలో బయటి గోడకి వద్దు. ఉక్కపోత రోజుల్లో బయటి తేమ గోడలోంచి చల్లటి వైపుకి వస్తుంది, వినైల్ వెనకే ఆగి నీరవుతుంది. బాత్రూం పక్క గోడకీ వద్దు. హాలు వైపు అడ్డగోడే మేలు.

మబ్బుల_మేస్త్రి:
అన్నిటికీ వద్దే. ప్రైమర్ ఎగ్గొట్టి ఉత్త పుట్టీ మీద వదిలేసిపోయేది మీ పెయింటర్లు. పేపర్ పుట్టీతో సహా ఊడొస్తే మాత్రం పేపర్ మంచిది కాదంటారు.

రోలర్_రాజు:
అంటించేవాళ్ళకి కళ్ళు లేవా? మాస్కింగ్ టేప్ గట్టిగా నొక్కి లాగితే తెల్లపొడి వస్తుందో లేదో తెలిసిపోతుంది. అర నిమిషం పని. అది చూడరు, అంటించి డబ్బు పుచ్చుకుని ఫోన్ ఎత్తరు. తిట్లు తినేది మేము.

మబ్బుల_మేస్త్రి:
పుట్టీ లోపం మేమెందుకు మోయాలి?

సుజాతక్క_పటమట:
అదీ, ఇప్పుడు బయటపడింది. చెమ్మా కాదు, పిక్సెల్సూ కాదు, ఊడితే ఎవరు తిరిగి రావాలన్నదే మీ ఇద్దరి తగువు. తమ్ముడూ, గోడ తయారీ, అంటింపు ఒకరికే అప్పగించు. కుదరకపోతే అంటించే మనిషి గోడ చూసి సరేనని బిల్లు మీద రాశాకే పెయింటర్‌కి ఆఖరి డబ్బు ఇవ్వు.

రోలర్_రాజు:
చెమ్మకి ఎవరి సంతకమూ పనిచేయదక్కా. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీట్ గోడకి పెట్టి నాలుగు వైపులా టేప్ వేసి ఒక రోజు వదలండి. లోపలివైపు నీటి బొట్లు పడితే పని ఆపండి.

కృష్ణలంక_కుర్రాడు:
హాలు వైపు గోడకే ఖాయం. షీట్ అంటించాను. ప్లాన్‌లో 12 అడుగులే ఉంది గానీ టేపుతో కొలిస్తే 12 అడుగుల 4 అంగుళాలు. 8 పట్టీలు కదా?

లెక్కల_పంతులు:
8. మూడు రోల్స్‌కి 9 వస్తాయి. మిగిలింది పారేయకండి, స్విచ్‌బోర్డు దగ్గర చిరిగితే అతుకుకి కావాలి.

మబ్బుల_మేస్త్రి:
మొత్తానికి సీలింగ్ ఖాళీగా వదిలేశారన్నమాట.

రోలర్_రాజు:
తెల్ల పెయింట్‌ని ఖాళీ అనరండీ.