వరంగల్‌ల ఉండి సముద్ర జీవావరణ శాస్త్రం వైపు పోవాలంటే దారి ఏంది?

హన్మకొండ విద్యార్థిని:
నమస్తే. బీఎస్సీ బీజడ్‌సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం) ఫైనలియర్ చదువుతున్న. సముద్రపు అడుగున ఉండే జీవుల మీద, అదీ లోతు సముద్రం మీద, పీహెచ్‌డీ చేయాలని ఉన్నది. ఏ పరీక్షలు రాయాలె? పీజీ ఎక్కడ చేస్తే మంచిది? ఇక్కడి నుంచి సముద్రం చూడాలంటేనే ఒక రాత్రి ప్రయాణం. అప్పటిదాంక ఇక్కడనే ఉండి చేతిపని నేర్చుకునే మార్గం ఏమన్న ఉన్నదా? ఇంట్ల బీఎడ్ చేయమంటున్నరు, అందుకని జీతం సంగతి కూడ ఉన్నదున్నట్టు చెప్పండి.

గట్టు మీద:
చెల్లీ, పీజీతో మొదలుపెడతాను. మెరైన్ బయాలజీకి పేరున్న చోట్లు: అన్నామలై విశ్వవిద్యాలయం వారి పరంగిపేట కేంద్రం, కొచ్చిలో కుసాట్ (అక్కడి సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయం), విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, గోవా విశ్వవిద్యాలయం, పాండిచ్చేరి విశ్వవిద్యాలయం వారి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) ప్రాంగణం. పాండిచ్చేరికి కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి, కుసాట్‌కు దాని సొంత పరీక్ష ఉంది, ఆంధ్రకు ఏపీ పీజీసెట్. ఆంధ్రకు దరఖాస్తు పెట్టే ముందు స్థానికత నిబంధన ఒకటికి రెండుసార్లు చదవండి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుల కంటే ముందు ఒకటి చూడండి: నమూనా తీసిన గంటలోపు ల్యాబ్‌కు చేరే దూరంలో నీళ్లున్నాయా? పరంగిపేట కేంద్రం వెల్లార్ నది సముద్రంలో కలిసే చోటే ఉంది. ఆ పక్కనే పిచ్చవరం మడ అడవులు. రెండేళ్లలో వచ్చే చేతివాటం అక్కడే తేడా చూపిస్తుంది. కాకతీయలో ఎమ్మెస్సీ జువాలజీ చేసినా దారి మూసుకుపోదు, ఎందుకంటే పీహెచ్‌డీకి అసలు తలుపు సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష.

నెట్‌లో మీకు లైఫ్ సైన్సెస్ పేపరు సరిపోతుంది. 200 మార్కులు, 13 యూనిట్లు. అందులో పార్ట్ సి ఒక్కటే 100 మార్కులు: 75 ప్రశ్నలిస్తారు, 25 రాస్తే చాలు, ఒక్కోటి 4 మార్కులు, తప్పయితే 1 పోతుంది. జీవ వైవిధ్యం, ఎకాలజీ, పరిణామం, ఈ మూడు యూనిట్లనూ గట్టిగా పట్టుకున్నవాళ్లు పార్ట్ సి గట్టెక్కుతారు. భౌతిక సముద్ర శాస్త్రం వాళ్లు రాసే ఎర్త్ సైన్సెస్ పేపరు వేరు, దాంతో కలిపేసుకోకండి.

జీతం: నెట్ ద్వారా జేఆర్‌ఎఫ్ (పరిశోధన భృతి) వస్తే నెలకు 37,000, పైన ఇంటి అద్దె భత్యం. రెండేళ్ల తర్వాత 42,000. అసలు కష్టం పీహెచ్‌డీ అయ్యాక. ప్రభుత్వ సంస్థల్లో సైంటిస్ట్ బి ఉద్యోగానికి మూలవేతనం 56,100తో మొదలవుతుంది గానీ, ఖాళీలు తక్కువ, ఎప్పుడు పడతాయో చెప్పలేం. మధ్యలో ప్రాజెక్టు ఉద్యోగాల మీద కొన్నేళ్లు నడుస్తాయి. ఇది ఇంట్లో ముందే చెప్పి ఒప్పించండి. మరో దారి పర్యావరణ ప్రభావ అంచనా సంస్థలు. రేవులు, జెట్టీలు, తీరం పక్క ఫ్యాక్టరీలు కట్టేవాళ్లకు 2019 తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ ప్రకారం అనుమతులు కావాలి, ఆ నివేదికల్లో జీవావరణం భాగాన్ని నిపుణులే రాయాలి.

చెరువు కట్ట:
చెల్లె, చేతిపని ఊరి చెరువుల నేర్చుకోవచ్చు, నిజంగనే. పాకాలకు మాత్రం పోకు, అది అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండ నమూనా తీయద్దు. ఊరి చెరువైతే మత్స్యకారుల సంఘానికి ఒక మాట చెప్పి తీసుకో.

మొదలు ప్లాంక్టన్, అంటే నీళ్లల్ల తేలాడే చిన్న జీవులు. 60 మైక్రాన్ల బోల్టింగ్ గుడ్డ (సన్న రంధ్రాల వడకట్టు గుడ్డ)తోని కుట్టిన వల, కింద చిన్న సీసా. 10 లీటర్ల బకెట్‌తోని అయిదుసార్లు నీళ్లు పోయి, 50 లీటర్లు వడకట్టినట్టు. సీసాల మిగిలింది కచ్చితంగ 50 మిల్లీలీటర్లకు తీసుకురా. సెడ్జ్‌విక్ రాఫ్టర్ గడి అంటే సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కపెట్టే గాజు పలక, దాంట్ల 1 మిల్లీలీటరు పోసి లెక్కపెట్టు. గడిల 40 జీవులు కనబడ్డయనుకో: 40ని 50తోని గుణిస్తే 2000, అవి 50 లీటర్లయి, అంటే లీటరుకు 40. పిల్లలు ఎక్కువగ తప్పు చేసేది ఇక్కడనే. చివరికి ఎన్ని మిల్లీలీటర్లు మిగిలిందో రాసుకోరు. ఆ అంకె లేకుంటే ఎంతసేపు లెక్కపెట్టినా దండగే. గడి మీద అద్దం పెట్టేటప్పుడు గాలి బుడగ చిక్కినా లెక్క తప్పుతది, తీసి మళ్ల పోయాలె.

తర్వాత వింక్లర్ పద్ధతిల కరిగిన ఆక్సిజన్. 125 మిల్లీలీటర్ల సీసా అంచుదాంక, బుడగ లేకుండ నింపి, మాంగనస్ సల్ఫేట్ 1 మిల్లీలీటరు, ఆల్కలైన్ అయొడైడ్ 1 మిల్లీలీటరు పిపెట్ మొన నీళ్లల్ల ముంచి వదులు. మూత పెట్టి తలకిందులు చెయ్. గోధుమ రంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగ దిగితే లేనట్టు. ఆ మడ్డిని ఆమ్లంల కరిగించి టైట్రేషన్ చేస్తే అంకె వస్తది. తెల్లారకముందు ఒకసారి, మధ్యాహ్నం 2 గంటలకు ఒకసారి చెయ్. పచ్చగ పాచి పట్టిన చెరువుల ఆ రెండు అంకెలకు ఎంత తేడా ఉంటదో నువ్వే చూస్తవు. రాత్రంత పాచి కూడ ఊపిరి పీల్చుకుంటది మరి. బంగాళాఖాతం, అరేబియా సముద్రం నడిమి లోతులల్ల ఆక్సిజన్ దాదాపు లేని పొరలు ఉంటయి, అక్కడ ఆ మడ్డి దాదాపు తెల్లగనే దిగుతది. పద్ధతి అదే, మారేది లోతే.

చెరువు అడుగు బురదల ఎర్రటి కైరోనమిడ్ పురుగులు, ట్యూబిఫెక్స్ అనే సన్నటి ఎర్రలు దొరుకుతయి. సముద్రంల వాటి తావుల పాలీకీట్లు, అంటే పక్కలకు వెంట్రుకలున్న సముద్రపు పురుగులు, ఉంటయి. చెరువు ప్లాంక్టన్‌ల రోటిఫర్లు, క్లాడోసెరాలు అనే సూక్ష్మ జీవులు ఎక్కువ, సముద్రంల రొయ్యలకు చుట్టాలైన చిన్న జీవులు కోపెపాడ్లదే రాజ్యం. అందుకని ఇప్పటినుంచే కోపెపాడ్ కాళ్లు, కొమ్ములు గీసుకుంట గుర్తుపట్టుడు నేర్చుకో. ఫొటో తీస్తే సరిపోదు, గీస్తేనే కన్ను ఆగుతది.

హన్మకొండ విద్యార్థిని:
చాల థ్యాంక్స్ అన్న. బురద పురుగులను దాచిపెట్టాలంటే ఫార్మలినా, ఆల్కహాలా? లోతు సముద్రంల కూడ ఇదే పద్ధతా?

అడుగు మట్టి:
రెండూ కావాలి, కానీ వేర్వేరు సీసాల్లో. ఆకారం చూసి గుర్తుపట్టే నమూనాకు 10 శాతం ఫార్మలిన్, దాంట్లో బోరాక్స్ తప్పనిసరి. బోరాక్స్ లేకపోతే ఫార్మలిన్ ఆమ్లంగా మారి చిన్న గుల్లల సున్నాన్ని తినేస్తుంది. కొన్ని నెలల తర్వాత సీసా తెరిస్తే గుల్ల ఉండదు, మెత్తటి ముద్ద ఉంటుంది. డీఎన్‌ఏ కోసమైతే ఫార్మలిన్ పనికిరాదు, 95 శాతం ఇథనాల్‌లో వేసి 24 గంటల్లోపు ఒకసారి ఆల్కహాల్ మార్చాలి, ఎందుకంటే పురుగు ఒంట్లోని నీళ్లు దాన్ని పలచన చేస్తాయి. ఫార్మలిన్ పట్టుకున్నప్పుడు గ్లవ్స్, గాలి ఆడే చోటు. మూసిన గదిలో వద్దు.

లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, బయట అతికించిన కాగితం ఊడిపోతుంది. తేదీ, చోటు, లోతు, ఏ జల్లెడ. ఈ నాలుగూ లేని సీసాకు విలువ లేదు.

లోతుకు పోయేకొద్దీ జల్లెడ మారుతుంది. తీరంలో 0.5 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచే అడుగు జీవులను మాక్రోఫానా అంటారు. లోతులో ఆహారం తక్కువ, జీవులు చిన్నవి, అందుకే 0.3 మిల్లీమీటర్లు వాడతారు. తీరపు జల్లెడతో లోతు మట్టి కడిగితే చాలా జీవులు కాలువలో పోతాయి, పైగా ‘ఇక్కడ జీవులు తక్కువ’ అని తప్పుడు నివేదిక వస్తుంది. కడిగేటప్పుడు పైపు నీళ్లు నేరుగా జల్లెడ మీద కొట్టకండి, పాలీకీట్లు తెగిపోతాయి. జల్లెడను నీళ్ల తొట్టిలో ముంచి మెల్లగా తిప్పాలి. తెగినవి ఉంటే తలలు మాత్రమే లెక్కపెట్టాలి.

పరికరం కూడా మారుతుంది. తీరంలో దవడల్లా మూసుకుని అడుగు మట్టిని పట్టి తెచ్చే వాన్ వీన్ గ్రాబ్, 0.1 చదరపు మీటరు. దాని దవడల మధ్య ఒక గవ్వ ఇరుక్కుంటే చాలు, పైకి వచ్చేసరికి మట్టి కారిపోతుంది. అలాంటి నమూనా పారేసి మళ్లీ దించాలి, ‘కొంచెం ఉందిగా’ అని ఉంచుకోకూడదు. లోతులో మట్టిని పెట్టెలా కోసి తెచ్చే 50 సెంటీమీటర్ల చదరపు బాక్స్ కోరర్, ఇంకా ఒకేసారి చాలా గొట్టాలు దించే మల్టీకోరర్. గొట్టంలో మట్టి పైన నీళ్లు తేటగా ఉంటేనే ఆ కోర్ (గొట్టంలో వచ్చిన మట్టి నమూనా) మంచిది, మురికిగా ఉంటే పై పొర కదిలిపోయింది. లోతు సముద్రంలో జీవం ఎక్కువగా ఉండేది ఆ పై కొద్ది సెంటీమీటర్లలోనే.

కాలం లెక్క వేసుకోండి. 5,000 మీటర్ల లోతుకు సెకనుకు మీటరు చొప్పున తీగ వదిలితే దిగడానికే దాదాపు గంటన్నర, పైకి మరో గంటన్నర. ఒక్క ఖాళీ కోర్ అంటే ఓడ మీద మూడు గంటలు పోయినట్టే. డెక్ మీద సహనం, రాత్రి పాళీలు, రాతలో కచ్చితం, ఇవే అక్కడ అసలు అర్హతలు.

ఈ రంగం అవసరం ఎందుకంటే, మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లు బహులోహ ముద్దల (సముద్రపు అడుగున దొరికే, చాలా లోహాలున్న గడ్డల) అన్వేషణ కోసం మన దేశానికి కేటాయించి ఉన్నాయి. ఆ ముద్దలు పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి, వాటి మీదే బతికే జీవులున్నాయి. తీస్తే ఏమవుతుందో చూడటానికి 1997లోనే గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఆ అడుగును కావాలనే కదిపి పరీక్షించింది. 2021లో ఆమోదం పొందిన కేంద్ర ప్రభుత్వ లోతు సముద్ర పథకం డీప్ ఓషన్ మిషన్‌తో ఈ పని పెరిగింది. చెన్నైలోని ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) పరికరాలు, మనుషులను లోతుకు తీసుకెళ్లే మత్స్య 6000 జలాంతర్గామి చూస్తుంది, కొచ్చిలోని సముద్ర జీవ వనరుల కేంద్రం సీఎంఎల్‌ఆర్‌ఈ చేతిలో సాగర్ సంపద పరిశోధన ఓడ ఉంది. పాలీకీట్లనో నెమటోడ్లనో (సన్నటి గుండ్రటి పురుగులు) జాతి దాకా గుర్తుపట్టగలిగేవాళ్లు దేశంలో బహు తక్కువ. ఒక గుంపు ఎంచుకుని దాంట్లో దిట్ట కండి.

గట్టు మీద:
హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మరిచాను. అక్కడ పురుగులుండవు గానీ ఉపగ్రహ క్లోరోఫిల్, పగడపు దిబ్బల వేడి హెచ్చరికలు, శిక్షణ తరగతులు ఉంటాయి. గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్ నేర్చుకుని వెళ్లండి, ముఖ్యంగా అందులో జీవావరణ లెక్కలకు వాడే వీగన్ ప్యాకేజీ. జీవుల పేర్లు వర్మ్స్ (ప్రపంచ సముద్ర జీవుల పేర్ల జాబితా)లో సరిచూసుకోకుండా ఏదీ రాయొద్దు.

చెరువు కట్ట:
సెలవులల్ల ఒకసారి కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులకు పో, చెల్లె. కాళేశ్వరం, ఏటూరునాగారం దాటిన మన గోదావరే అక్కడ సముద్రంల కలుస్తది. అదీ అభయారణ్యమే, అనుమతి కావాలె. అమావాస్యకో పున్నానికో పో, అప్పుడు నీళ్లు ఎక్కువ దూరం వెనక్కి పోతయి. చెట్లకు 10 మీటర్ల చదరం, పీత బొరియలకు 50 సెంటీమీటర్ల చదరం వేసుకో. చుట్టుకొలత 1.3 మీటర్ల ఎత్తుల కొలువు, ఊడలున్న చెట్టైతే అన్నిటికన్న పై ఊడకు 30 సెంటీమీటర్ల పైన. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం విరవకు, దాని పాలు కంట్ల పడితే చూపు పోయే ప్రమాదం. మెత్తటి బురదల చెప్పులు ఆగవు, చీలమండ దాంక కట్టుకునే కాన్వాస్ బూట్లు తీసుకుపో.