గ్రూపులో వాదన ఆగకుండా వెక్కిరింత మాత్రం ఆపాలంటే ఎలా?

నమస్తే. మాది నల్లగొండ. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) యాప్‌లను తెలుగులోకి మార్చే 40 మంది టెలిగ్రామ్ గ్రూపుకు నేను అడ్మిన్‌ని.

పోయిన వారం దేవరకొండ ఊరి తమ్ముడొకడు "బటన్ నొక్కండి" బదులు "ఒత్తండి" అని పెడదామన్నాడు. మా ఇళ్లల్లో అనేది అదే మాట. ఇద్దరు సీనియర్లు "ఇది కూడా ఒక భాషేనా" అని వెక్కిరించారు. మాటా మాటా పెరిగింది. టెన్షన్‌లో నేను చర్చ మొత్తం తీసేశాను. తమ్ముడు గ్రూపు వదిలిపోయాడు. వెక్కిరింతతో పాటు అతని వాదన కూడా నేనే చెరిపేశాను, అదే బాధ.

రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే 19(1)(ఎ) ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది, మన గ్రూపును కాదని ఒకాయన అన్నారు. చట్టం అంతే కావచ్చు, న్యాయం మాటేమిటి? ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో ఓట్లు లెక్కపెట్టరు, అభ్యంతరానికి సరైన జవాబు వచ్చిందా అని చూస్తారు. లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) రాసేవాళ్లు 2018లో ప్రవర్తనా నియమావళి పెట్టుకున్నారు. మాలాంటి చిన్న గ్రూపులో ఇవి ఎలా పాటించాలి?

గట్టి విమర్శకూ వెక్కిరింతకూ మధ్య గీత మీరెక్కడ గీస్తారు? మెసేజ్ తీసేసే ముందు ఎవరిని అడుగుతారు? ఆ తమ్ముణ్ణి ఏమని చెప్పి వెనక్కి పిలవాలి? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.