అగ్గిపుల్ల గీసి ఊదేస్తే కేసు అవుతుందా, కాదా?

కళ్యాణదుర్గం కుర్రోడు:
మొన్న రాత్రి మా చిన్నాన్న కళ్లంలో జరిగింది. శెనక్కాయ కట్టె వామి, ఏడాదంతా ఎద్దులకు అదే మేత. గట్టు తగాదా ఉన్న మనిషి సీసాలో పెట్రోలు తెచ్చుకుని, వామి పక్కన గొంతుకూర్చుని అగ్గిపుల్ల గీశాడు. కుక్క మొరిగింది, చిన్నాన్న టార్చిలైటు వేశాడు. వాడు పుల్ల ఊదేసి, సీసా పారేసి పరుగో పరుగు. స్టేషన్‌కు పోతే “ఏమీ కాలలేదు కదా, పెద్దమనుషుల్లో మాట్లాడుకోండి” అన్నారు. అంటే కాలితేనే కేసా?

పాత గుమాస్తా:
కాదు నాయనా. నేను అనంతపురంలో వకీళ్ల దగ్గర ఫైళ్లు మోసినవాణ్ణి. నీ కథ సుప్రీంకోర్టు తీర్పులో దాదాపు ఇలాగే ఉంది. 1968లో మల్కియత్ సింగ్ కేసు. అప్పట్లో పర్మిట్ లేకుండా పంజాబ్ వడ్లు బయటికి పంపడం నేరం; అలా ఢిల్లీకి వడ్ల లారీ పోతుంటే సరిహద్దుకు ముందే సమాల్ఖా దగ్గర పట్టుకున్నారు. సరిహద్దు దాటేలోపు మనసు మార్చుకుని వెనక్కి తిరిగి ఉండొచ్చు, ఇది సన్నాహమే, ప్రయత్నం కాదని వదిలేశారు. ఆ తీర్పులోనే వామి ఉదాహరణ ఇచ్చారు. అగ్గిపెట్టె కొనడం ప్రయత్నం కాదు. జేబులో పెట్టుకుని వామి దాకా పోయినా కాదు. వంగి పుల్ల గీసి, ఎవరో చూస్తున్నారని ఆర్పేస్తే మాత్రం ప్రయత్నం కావచ్చు. మీవాడు ఆ గీత దాటినట్టే.

నల్లరేగడి:
ఇదేం న్యాయం సార్! అర్ధరాత్రి పెట్రోలు సీసాతో వామి దగ్గరికి వచ్చినవాడు మనసు మార్చుకుంటాడా? పుల్ల గీసేదాకా రైతు చూస్తూ కూర్చోవాలా?

గుంతకల్లు జంక్షన్:
నల్లరేగడి అన్నా, మన ఊళ్లు మర్చిపోయినట్టున్నావే. పెట్రోలు సీసా ఎవరింట్లో లేదు? బండికి, మందు కొట్టే మిషన్‌కు అదే కదా. సీసా చేతిలో ఉంటే చాలు లోపలేయమంటే, ఎలక్షన్ అయిన మర్నాడు ఓడిన పార్టీ వాళ్లంతా జైల్లోనే. ఆ పుల్ల గీత ఉండాల్సిందే.

నల్లరేగడి:
సరే, గీత ఉండనీ. శిక్ష సంగతేంటి?

పాత గుమాస్తా:
అక్కడే ఉంది తిరకాసు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత కదా. పంట, మేత లాంటివి తగలబెడితే సెక్షన్ 326(ఎఫ్), ఏడేళ్ల దాకా. పాత ఐపీసీ 435లో నష్టం పంటకైతే కనీసం పది రూపాయలు, మిగతా వాటికి వంద ఉండాలని లెక్క ఉండేది, కొత్తదాంట్లో అది తీసేశారు. నివాసముండే ఇల్లైతే 326(జి), పదేళ్లు లేదా యావజ్జీవం. ప్రయత్నమైతే సెక్షన్ 62 ప్రకారం గరిష్ఠ శిక్షలో సగం. వామికి మూడున్నరేళ్లు. ఇంటికి పదేళ్లు, ఎందుకంటే ఇలాంటి లెక్కలకు యావజ్జీవాన్ని ఇరవై ఏళ్లుగా తీసుకుంటారు. ఇంకోటి, పిడికెడు కట్టె మాడినా అది ప్రయత్నం కాదు, నేరం పూర్తయినట్టే. ఎంత కాల్చాలనుకున్నాడన్నది చూస్తారు, ఎంత కాలిందన్నది కాదు.

గుంతకల్లు జంక్షన్:
వాన తడికి కట్టె అంటుకోకపోతే?

పాత గుమాస్తా:
తప్పించుకోలేడు. ఖాళీ జేబులో చెయ్యి పెట్టిన దొంగ కూడా దొంగతనానికి ప్రయత్నించినవాడే అని చట్టంలోనే ఉదాహరణ ఉంది.
అసలు తమాషా వినండి. “నీ వామి తగలబెడతా” అని నోటితో బెదిరిస్తే 351(3), ఏడేళ్ల దాకా! పుల్ల గీసినవాడికి మూడున్నర, నోరు జారినవాడికి ఏడు. నాకైతే ఇది సబబుగా అనిపించదు.

నల్లరేగడి:
అట్లయితే మాట్లాడకుండా వచ్చి తగలబెట్టేవాడే తెలివైనోడు.

గుంతకల్లు జంక్షన్:
నాకు తప్పనిపించట్లేదు. మా ఊళ్లో ఒకాయన అలాంటి మాట విని రెండు నెలలు వామి దగ్గరే మంచం వేసుకున్నాడు. ఆ భయానికి ఖరీదు లేదా?

పాత గుమాస్తా:
కుర్రోడా, ముందు బెదిరించాడా? విన్నవాళ్లెవరు? సీసా, పుల్ల దాచారా? స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదు ఎస్పీ గారికి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు.

కళ్యాణదుర్గం కుర్రోడు:
బెదిరించాడు సార్, రచ్చకట్ట దగ్గర. విన్నవాళ్లు ఇద్దరు, ఒకాయన వాడి తోడల్లుడే. పుల్ల దొరకలేదు. సీసా దొరికింది గానీ, వాసనొస్తోందని మా చిన్నమ్మ సబ్బేసి కడిగి అరుగు మీద బోర్లించింది.