ఏడాది పాటు ఉద్యోగం మానేసి బండలెక్కడానికి వెళ్లొచ్చా?

గుట్టదారి (చర్చ మొదలుపెట్టినవారు):

నాకు 29 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడేళ్లుగా ఒకే కంపెనీ. ఆరేళ్ల కిందట ఒక ఆదివారం మిత్రుడు భువనగిరి తీసుకెళ్లి నడుముకు హార్నెస్ కట్టాడు. అప్పటి నుంచి నా వారమంతా ఆదివారం కోసమే గడుస్తోంది.

వచ్చే నవంబరు నుంచి ఏడాది పాటు ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. ఫిబ్రవరి దాకా బండలెక్కడానికి కర్ణాటకలోని బాదామి, హంపి. మేలో ఉత్తరకాశి నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల బేసిక్ కోర్సు. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో హిమాలయాల్లో ఒక ఆరు వేల మీటర్ల శిఖరం. దాచుకున్న డబ్బు 14 నెలలకు సరిపోతుంది. అప్పులు లేవు.

నాన్న సూర్యాపేటలో ఉంటారు, టీచరుగా రిటైరయ్యారు. "బండలెక్కడానికి నౌకరీ మానేశాడని సంబంధాల వాళ్లకు ఎట్లా చెప్పాలిరా?" అన్నారు. కోపంతో కాదు, నిజంగానే తెలియక అడిగారు. ఏం చెప్పాలో నాకూ తోచలేదు.

ఉద్యోగం చేస్తూనే క్లైంబింగ్‌లో ఎదగొచ్చా? లేక రెండు పడవల మీద కాళ్లు పెట్టి రెండింటికీ అన్యాయం చేస్తున్నానా? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

పెన్నఒడ్డు:

వెళ్లండి. నాకు ఇందులో రెండో ఆలోచన లేదు.

మాది నెల్లూరు జిల్లా సంగం. మల్లి మస్తాన్‌బాబు మా మండలంలోని గాంధీజనసంఘం మనిషి. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, సత్యం కంప్యూటర్స్‌లో ఉద్యోగం, ఆ తర్వాత కలకత్తా ఐఐఎం. ఆ చదువుకు ఎంత జీతమైనా వచ్చేది. ఆయన 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. జనవరిలో అంటార్కిటికాలో విన్సన్‌తో మొదలుపెట్టి జులైలో అలాస్కాలో దెనాలితో ముగించారు. దాదాపు ఆరు నెలలు ఒక కొండ నుంచి ఇంకో కొండకు. ఏ ఆఫీసులో ఏ సెలవు కింద రాస్తారు దీన్ని?

మా ఊళ్ల వైపు ఇప్పటికీ పిల్లలకు ఆయన పేరు చెబుతారు. ఆయనతో చదువుకుని పెద్ద జీతాలకు వెళ్లినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

ఖాజాగూడ_పొద్దు:

పెన్నఒడ్డు గారూ, మస్తాన్‌బాబు గారంటే నాకూ గౌరవమే. కానీ ఆయన కథ చెబితే చివరి వరకూ చెప్పాలి. 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి తప్పిపోయారు, ఏప్రిల్‌లో దేహం దొరికింది. 40 ఏళ్లు. ఆయన వెళ్లడం తప్పని నేను అనను. ఒక తమ్ముడు ఉద్యోగం మానాలా వద్దా అని అడిగినప్పుడు ఆ పేరు ఒక్కటే జవాబుగా పెట్టడం మాత్రం న్యాయం కాదు.

తమ్ముడూ, నేను బ్యాంకులో పనిచేస్తాను, ఇద్దరు పిల్లలు. పదకొండేళ్లుగా ఎక్కుతున్నాను. మంగళ, గురువారాలు తెల్లవారి ఐదున్నరకు ఖాజాగూడ గుట్టల మీద ఉంటాను, ఏడింటికి ఇంటికి. చలికాలం ఆ వేళలో గ్రానైట్ చేతికి అతుక్కున్నట్టు పట్టు ఇస్తుంది. ఆదివారం పెద్ద రోజు. అంతే నా షెడ్యూలు. నేను మొదలుపెట్టినప్పుడు నాకన్నా ముందున్నవాళ్లలో చాలామంది ఇప్పుడు ఎక్కడం లేదు.

ఇక్కడ శరీరం సంగతి ఒకటి ఎవరూ మాట్లాడరు. వేళ్లలో స్నాయువుని ఎముకకు అదిమిపెట్టే పట్టీలు ఉంటాయి, పుల్లీలంటాం. కండరాలు నెలల్లో బలపడతాయి. ఈ పట్టీలు గట్టిపడటానికి ఏళ్లు కావాలి. గట్టిగా లాగిన రోజు తర్వాత వాటికి విశ్రాంతి ఇవ్వకపోతే తెగుతాయి. కాబట్టి ఉద్యోగం మానేసినా వారానికి ఏడు రోజులు ఎక్కలేవు. మూడో నాలుగో రోజులు ఎక్కి, మిగతా రోజులు బాదామిలో టీ తాగుతూ కూర్చుంటావు. ఆ మూడు నాలుగు రోజులు ఇక్కడే దొరకవా?

అసలు ప్రమాదం ఉద్యోగంలో లేదు, "ఆదివారం మాత్రమే" అనే పద్ధతిలో ఉంది. ఐదు రోజులు కీబోర్డు, తర్వాత రెండు రోజులు వేళ్లు విరిగేలా. 2019లో నా ఉంగరపు వేలు అట్లాగే పోయింది. చిన్న అంచు పట్టుకుని లాగితే టప్‌మని శబ్దం, కింద క్రాష్ ప్యాడ్ (పడితే దెబ్బ తగలకుండా వేసే పరుపు) పట్టుకున్నవాళ్లకు కూడా వినబడింది. నాలుగు నెలలు ఎక్కలేదు. వారం మధ్యలో రెండు పొద్దులు మొదలుపెట్టింది ఆ తర్వాతే.

పెన్నఒడ్డు:

అక్కా, చివరి వరకూ చెప్పాలన్న మాట ఒప్పుకుంటున్నాను. చెప్పాల్సింది.

బౌల్డరింగ్ (తాడు లేకుండా చిన్న బండలెక్కడం) వరకు మీ లెక్క సరైనదే. కొండల విషయంలో సరిపోదు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదంటారు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. ఆరు వేల మీటర్ల కొండకు ఇట్లా వెళితే ఎన్ని రోజులు అవుతుందో వేసి చూడండి. దానికి మంచు, గాలి కోసం డేరాలో ఎదురుచూసే రోజులు కలపండి. తొమ్మిది రోజుల లీవుతో వచ్చినవాళ్లను నేను చూశాను. ఏడో రోజు తలనొప్పితో ఉన్నా, వాంతులవుతున్నా పైకే పోతామంటారు. సోమవారం ఆఫీసుంది కాబట్టి. ఆ తొందర మనిషిని చంపుతుంది. ఉద్యోగం పక్కన పెట్టమని నేననడం హీరోయిజం కోసం కాదు, కొండ మీద "ఇవాళ వద్దు" అనుకునే వెసులుబాటు కోసం.

ఆడిట్_మనిషి:

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని, గుంటూరు వాణ్ణి. ఈ చర్చలో ఎవరూ అనని విషయం ఒకటి. మాకు ఏడాదికి 30 రోజుల ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్, జీతంతో కూడిన సెలవు) ఉంటుంది. అది కాక, భారత పర్వతారోహణ సమాఖ్య ఆమోదించిన యాత్రలకు ఏడాదిలో 30 రోజుల వరకు స్పెషల్ క్యాజువల్ లీవ్ దొరుకుతుంది. బేసిక్ కోర్సు ఈఎల్‌తో చేశాను. తర్వాత రెండు యాత్రలు స్పెషల్ లీవుతో. జీతం ఒక్క రోజు కూడా కోయలేదు.

ధర కట్టలేదా అంటే కట్టాను. బదిలీతో వచ్చే ప్రమోషన్ రెండుసార్లు వద్దన్నాను, నాకన్నా జూనియర్లు పైకి వెళ్లారు. మా ఆవిడకు మొదట్లో బాధగా ఉండేది. ఇప్పుడు నా యాత్రల సామాను తనే సర్దుతుంది.

శాన్‌హోసే_నుంచి:

క్లుప్తంగా రాస్తాను. అమెరికాలో హెచ్1బీ వీసా మీద ఉన్నాను. క్లైంబర్లు వచ్చే యోసెమిటీ నాలుగైదు గంటల డ్రైవు, శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం రాత్రి తిరిగొస్తాను. ఇక్కడ క్లైంబర్లు వ్యాన్‌లో ఉంటూ ఏడాదంతా ఎక్కుతారు. నాకు ఆ దారి లేదు. ఉద్యోగం ఆగితే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదా దేశం వదలాలి. పదేళ్లుగా అక్కడి పెద్ద బండ ఎల్ కాపిటన్ కింద నిలబడి పైకి చూసి వస్తున్నాను. మీ స్థానంలో, అప్పులు లేకుండా, సొంత దేశంలో, 29 ఏళ్లకు నేనుండి ఉంటే అడిగేవాణ్ణే కాదు.

భువనగిరి_బండ:

అన్నా, నేను నౌకరీ ఇడిచిపెట్టినోన్నే. 2017ల ఇడిచిన. ఇప్పుడు క్లైంబింగ్ నేర్పుడే నా పని. అందుకే జెర పెద్దగ రాస్తున్న.

బండ మంచిగ పట్టు ఇచ్చే నెలలు నవంబర్, డిసెంబర్, జనవరి. బడిపిల్లల క్యాంపులు కూడ గా నెలలల్లనే వస్తయి. నా సంపాదనంత అప్పుడే. పొద్దున్నుంచి పొద్దుమీకెదాక కింద నిలబడి తాడు పట్టుకుంట, ముడులు చూస్త, హెల్మెట్ల బకిల్లు పెడ్త. నేను ఎక్కేది ఎప్పుడు? నౌకరీ చేసినప్పుడే ఎక్కువ ఎక్కిన, గిది అబద్ధం కాదు. వానకాలం నాలుగు నెలలు చేతిల పైస ఉండదు. క్లైంబింగ్ మీద బతుకుతనంటే క్లైంబింగ్ చేసుకుంట బతుకుడు కాదు, అది తెల్సుకొని రావాలె.

ఇంకోటి, బీమా. 2019ల ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీదుండే సర్కారు సంస్థ) అన్ని కంపెనీలకు ఒక్కతీరుగ పెట్టిన మినహాయింపులల్ల తొమ్మిదోది చూడు. రాక్ క్లైంబింగ్, పర్వతారోహణ అసొంటివి వృత్తిగ చేస్తుంటే దెబ్బ తగిలినా ఆరోగ్య బీమా ఇయ్యరు. "వృత్తిగ" అనే మాటనే ముఖ్యం. నువ్వు ఆదివారం పడి కాలు ఇరిగితే అడిగే హక్కు నీకుంటది. గదే బండ మీద నేను పడితే నాకు లేదు.

గిన్ని చెప్పినంక మళ్ల పోతవా అంటే, నేనైతే మళ్ల గిదే పని చేస్త. పూర్ణ, ఆనంద్ మొదలు బండ పట్టింది భువనగిరిలనే. 2014 మే 25న ఎవరెస్ట్ మీద నిలబడ్డరు, పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు నిండలే. గురుకులం పిల్లలు. ఖర్చు సర్కారు పెట్టుకున్నది, నేర్పెటోళ్లు దగ్గరుండి నేర్పిన్రు. మా దగ్గరికి ఇప్పుడొచ్చే హాస్టల్ పిల్లలకు గా సంగతి తెల్సు. మొదటిసారి సగం దాక పోయి కిందికి చూసి ఏడ్చిన పిల్ల, సాయంత్రం "సార్ ఇంకోసారి" అంటది. గా మాట కోసం నేనున్న.

గుట్టదారి:

అన్నా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నేను నేర్పడానికి కాదు, ఎక్కడానికి వెళ్దామనుకుంటున్నాను. ఈ రెండింటి మధ్య ఇంత దూరం ఉందని ఆలోచించలేదు.

మనుషుల_లెక్క:

నేను ఒక ఐటీ కంపెనీలో నియామకాలు చూస్తాను. ఏడేళ్ల అనుభవం మీద ఒక ఏడాది ఖాళీ పెద్ద అడ్డంకి కాదు. "క్లైంబింగ్‌కు వెళ్లాను" అని సూటిగా చెప్పినవాళ్లను నేను తీసుకున్నాను. మీరు తిరిగొచ్చే నెలలో మార్కెట్ ఎట్లా ఉంటుందన్నది మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు. కాబట్టి 14 నెలల డబ్బుతో 12 నెలలు వెళ్లకండి. తిరిగొచ్చాక ఆరు నెలలు ఇంట్లో కూర్చునే డబ్బు విడిగా ఉంచుకోండి.

దీనికన్నా ముఖ్యమైన ప్రశ్న: మీ నాన్నగారు ఆఫీసు ఇన్సూరెన్సులో ఉన్నారా? చివరి పనిదినంతో ఆ పాలసీ ఆగిపోతుంది. ఆయనకు బీపీ, షుగర్ లాంటివి ఉంటే కొత్త పాలసీలో వాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెడతారు, అంటే అప్పటి దాకా వాటి చికిత్సకు డబ్బు ఇవ్వరు. జీతం లేని సెలవులో అయితే ఉద్యోగం కొనసాగుతున్నట్టే కాబట్టి చాలా చోట్ల పాలసీ కూడా కొనసాగుతుంది. రాజీనామా కన్నా ముందు అది అడగండి.

గుట్టదారి:

నాన్నకు పదేళ్లుగా షుగర్. ఆఫీసు పాలసీలోనే ఉన్నారు. 14 నెలల లెక్క వేసిన నేను ఈ లెక్క వేయలేదు. నిన్న రాత్రి నిద్ర పట్టలేదు.

ఖాజాగూడ_పొద్దు:

తమ్ముడూ, బాధపడకు. అడిగావు కాబట్టే తెలిసింది. నేను నీకు మొదట చెప్పాల్సింది వేళ్ల సంగతి కాదు, ఇదే. మా ఇంట్లో పిల్లల్ని పొద్దున మా అత్తయ్య చూస్తారు కాబట్టే నేను ఐదున్నరకు గుట్ట మీద ఉంటున్నాను. ప్రతి క్లైంబర్ వెనక ఇట్లా ఇంకొకరు తాడు పట్టుకుని ఉంటారు. నీ వెనక ఎవరున్నారో చూసుకుని వెళ్లు. వెళ్లొద్దని మాత్రం నేను అనడం లేదు.

గుట్టదారి:

పది రోజుల తర్వాత రాస్తున్నాను. మేనేజర్‌తో మాట్లాడాను. ఏడాది కుదరదన్నారు. డిసెంబరు నుంచి నాలుగు నెలలు జీతం లేని సెలవుకు ఒప్పుకున్నారు, నాన్న పాలసీ ఆగదని హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాను. బాదామి, హంపి వరకు ఇది సరిపోతుంది. బేసిక్ కోర్సు వచ్చే ఏడాది ఈఎల్ దాచుకుని చేస్తాను. ఈలోగా నాన్నకు విడిగా ఒక పాలసీ తీసుకుంటున్నాను, వెయిటింగ్ ఇప్పటి నుంచే మొదలవుతుంది.

పెన్నఒడ్డు:

మంచిదే. కానీ మార్చి చివర్లో ఇదే ప్రశ్న మళ్లీ వస్తుందని నా నమ్మకం. నాలుగు నెలలు బండ మీద ఉన్నవాడికి లీవు లెక్కలు ఇంకా ఇరుకనిపిస్తాయి. కొండ విషయంలో నా మాట నేను మార్చుకోలేదు.

గుట్టదారి:

రావచ్చు. అప్పటికి నాన్న పాలసీ సంగతి తేలి ఉంటుంది కాబట్టి ఇంకాస్త ధైర్యంగా ఆలోచిస్తాను.

సంబంధాల సంగతి నాన్న మళ్లీ ఎత్తలేదు. నిన్న ఫోన్‌లో "నువ్వు ఎక్కేది ఏంటో ఒకసారి చూపించు" అన్నారు. ఈ ఆదివారం సూర్యాపేట నుంచి వస్తున్నారు, భువనగిరి తీసుకెళ్తాను.

భువనగిరి_బండ:

పొద్దుగాల ఆరింటికల్ల రాండ్రి. ఎండెక్కితే బండ కాల్తది. మీ నాన్నకు కుర్చీ నేను తెస్త.