అప్‌డేట్: డిమెన్షియా బృంద చికిత్సలో కొందరి మౌనానికి కారణం తెలిసింది

తేలికపాటి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గిపోయే సమస్య) ఉన్న పెద్దవారితో మా డే కేర్ కేంద్రంలో నేను నడిపే బృంద చికిత్సలో కొందరు నోరు విప్పడం లేదనీ, ఒకాయన మధ్యలోనే లేచి వెళ్లిపోతున్నారనీ ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ముందు చెవులు చూపించమన్న సలహా బాగా పనికొచ్చింది. ఆయనకు రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడి ఉందని ఈఎన్‌టీ వైద్యురాలు గుర్తించి తీసేశారు; మౌనంగా ఉండే ఒకావిడకు వినికిడి లోపం ఉన్నట్టు పరీక్షలో తేలడంతో వినికిడి యంత్రం అమర్చారు. ఆయన ఇప్పుడు చివరిదాకా కూర్చుంటున్నారు.

మిగిలినవారి విషయంలో పనిచేసింది కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ (చర్చలు, ఆటలతో ఆలోచనకు పనిపెట్టే బృంద చికిత్స) పద్ధతి. అందులో బృందానికి ఐదు నుంచి ఎనిమిది మంది, ఒక్కోసారి సుమారు 45 నిమిషాలు, వారానికి రెండుసార్లు చొప్పున 14 సమావేశాలు ఉంటాయి; వీటన్నిటికంటే ముఖ్యంగా, జ్ఞాపకాన్ని పరీక్షించే ప్రశ్నలకు బదులు అభిప్రాయం అడగాలి. ఈరోజు ఏ వారమని అడగడం మాని, ఆవకాయ, మాగాయ జాడీలు ముందుపెట్టి వేడన్నంలోకి ఏది బాగుంటుందని అడిగితే, తప్పు చెబుతామన్న భయం లేనందువల్ల వాదనలే మొదలయ్యాయి (నాకు నచ్చకపోయినా, మాగాయ పక్షమే నెగ్గింది).

సమయాన్ని ఉదయానికి మార్చడం వల్ల తేడా రాలేదు. మందుల మోతాదుకు దీనితో సంబంధం లేదని న్యూరాలజిస్టు చెప్పారు.